కాలు పోయింది నాన్నకి, నిద్ర కరువైంది అమ్మకి

మీరు రాసింది రెండుసార్లు చదివానమ్మా. తెనాలిలో మీ నాన్నగారికి షుగర్ వల్ల కుడికాలు మోకాలి కింద తీసేసి రెండు నెలలైంది, ఆయనకు 61, అమ్మకు 56, మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం, తమ్ముడు డాలస్‌లో. నాన్నగారు అయినదానికీ కానిదానికీ అరుస్తున్నారు, అమ్మ రాత్రిళ్లు పడుకోవడం లేదు, మనిషి సగమైపోయింది, అడిగితే "నాకేం, బానే ఉన్నా" అంటోంది, ఏం చేయాలి అని అడిగారు.

గమనించారో లేదో, మీ ప్రశ్నలో ముప్పావు వంతు నాన్నగారి గురించే ఉంది. కుట్లు, షుగర్ రీడింగులు, జైపూర్ కాలు (కృత్రిమ కాలు) ఎప్పుడు పెట్టించాలి, అన్నీ వివరంగా రాశారు. అమ్మ గురించి చివర్లో రెండు లైన్లు. తప్పుపట్టడం లేదు, అందరం అంతే. నేనైతే మరీ ఘోరం. ప్రభుత్వాసుపత్రి సర్జికల్ వార్డులో 24 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. కాలు తీసేసిన పేషెంట్లను ఎంతమందిని చూశానో లెక్కలేదు. డిశ్చార్జి రోజున వాళ్ల భార్యలను కూర్చోబెట్టి కట్టు ఎలా మార్చాలి, ఇన్సులిన్ ఎలా వేయాలి అని చెప్పి పంపేదాన్ని. నువ్వెక్కడ పడుకుంటావమ్మా, నీ బీపీ ఎంత అని ఒక్కరినైనా అడిగిన గుర్తు లేదు. 2016లో మావారికి ఎడమకాలు మోకాలి కింద తీసేశాక గానీ నాకు తెలిసిరాలేదు.

ముందు నా సంగతి ఒకటి చెప్తాను, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మూడో వారం. ఆ రాత్రి మావారు నన్ను నాలుగుసార్లు పిలిచారు. ఒకసారి మంచినీళ్లు, ఒకసారి ఫ్యాన్ తగ్గించమని, ఒకసారి యూరిన్‌కి, ఒకసారి దుప్పటి జారిందని. ఐదోసారి పిలిచినప్పుడు నాకు మెలకువగానే ఉంది. వినపడనట్టు పడుకున్నాను. ఒక్క ఐదు నిమిషాలు, అంతే, తర్వాత లేద్దాం అనుకున్నాను. ఆయనకు విసుగొచ్చి తనే లేవబోయారు. నిద్రమత్తులో కాలు లేదన్న సంగతి మర్చిపోయి లేని కాలు కింద పెట్టారు. కాలు తీసేసినవాళ్లలో ఇది చాలామందికి జరుగుతుంది, మెదడు దృష్టిలో ఆ కాలు ఇంకా అక్కడే ఉంటుంది. నేరుగా స్టంపు మీద, అంటే కాలు తీసేశాక మిగిలిన మొండి భాగం మీద పడ్డారు. కుట్లు విడిపోయాయి, మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లాల్సి వచ్చింది. అప్పటికి అంతమంది పేషెంట్లను చూసినదాన్ని, నా ఇంట్లో మనిషి పిలిస్తే నిద్ర నటించాను. చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు ఈ మాట.

రెండోసారి డిశ్చార్జి అయ్యాక ఇంటికి ఒక ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చేవాడు, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఏడుస్తూ జరిగింది చెప్తే ఓదార్చలేదు. "మేడం, ఐదుసార్లు ఎందుకు పిలిచారు?" అని అడిగి వరసగా రాయించాడు. నీళ్లు, ఫ్యాన్, యూరిన్, దుప్పటి, ఐదోసారి ఫోన్ ఛార్జర్. రాసింది చూపించి, "వీటిలో మీరే చేయాల్సింది ఏముంది?" అన్నాడు. ఒక్కటీ లేదు. మంచం పక్కన ఒక బరువైన స్టూలు, దాని మీద మూత ఉన్న నీళ్ల సీసా, టార్చి, ఫోను, మంచానికి తగిలించి యూరిన్ బాటిల్, చేతికందేలా స్విచ్ బోర్డు. వీటితో ఆ ఐదూ తీరిపోతాయి. నా దగ్గర లేనిది ప్రేమ కాదు, స్టూలు. కాలు లేనివైపు ఆనించి ఒక కుర్చీ కూడా పెట్టించాడు, నిద్రలో లేవబోతే అది తగిలి మెలకువ వచ్చేలా. తర్వాత మళ్లీ పడలేదు.

అందుకే మీకు ముందుగా చెప్పేది, అమ్మను ఇంకా బాగా చూసుకోమని, ఓపిక పట్టమని ఎవరూ చెప్పకండి. ఆవిడ ఇప్పటికే చేయకూడనంత చేస్తోంది. నాన్నగారు చేసుకోగలిగినవి ఆవిడ చేయడం మానాలి. వినడానికి కఠినంగా ఉంటుంది. మన ఇళ్లలో భర్తకు కాలు తీసేస్తే భార్య అన్నం కలిపి నోట్లో పెడుతుంది. అమ్మా, ఆయనకు పోయింది కాలు, చేతులు కావు.

ప్రేమతో చేసేది కీడు చేయడానికి ఒక్క ఉదాహరణ చాలు. దాదాపు ప్రతి ఇంట్లోనూ స్టంపు కింద మెత్తగా దిండు పెడతారు. నొప్పి తగ్గినట్టుంటుంది కాబట్టి ఆయనా అడుగుతారు. కానీ రోజులతరబడి అలా వంచి ఉంచితే మోకాలు ఆ వంకరలోనే బిగుసుకుపోతుంది, తర్వాత కృత్రిమ కాలు సరిగ్గా కుదరదు. మోకాలు చాపి ఉంచాలి, రోజులో కాసేపు బోర్లా పడుకోవాలి. క్రేప్ బ్యాండేజీ కూడా అంతే. ఎనిమిది అంకెలాగా తిప్పుతూ, కింద కొస దగ్గర బిగువుగా, పైకి వచ్చేకొద్దీ వదులుగా చుట్టాలి. రోజుకు నాలుగైదుసార్లు విప్పి చుట్టాల్సిన పని అది. మోకాలి కింద తీసినవాళ్లు మంచం మీద కూర్చుని వాళ్లంతట వాళ్లు చుట్టుకోగలరు. మావారికి నేర్పడానికి వారం పట్టింది, మొదటి మూడు రోజులు బ్యాండేజీ నా మొహాన విసిరారు కూడా. నాలుగో రోజు చుట్టుకుని, "నీకంటే నేనే నీట్‌గా చుట్టా" అన్నారు. నిజమే, ఆయన ఆర్టీసీలో కండక్టరు, టికెట్ల కట్టలు సర్దిన చేతులు.

నాన్నగారి అరుపులు కూడా కొంత దీనితోనే ముడిపడి ఉంటాయి. నిన్నటిదాకా ఇంటి పెద్ద, ఇవాళ మూత్రానికి కూడా భార్యను పిలవాలి. అవమానం అంతా కోపంగా బయటికొస్తుంది, ఎదురుగా ఉన్న మనిషి మీదే పడుతుంది. ఫోన్‌లో మీతో మర్యాదగా, తమ్ముడితో నవ్వుతూ మాట్లాడి ఉంటారు చూడండి. తన పనులు కొన్నయినా తన చేతిలోకి వస్తే ఆ కోపం కొంత దిగుతుంది. పూర్తిగా పోతుందని అబద్ధం చెప్పను.

ఇప్పుడు నిద్ర. అమ్మ ఎందుకు పడుకోవడం లేదో సరిగ్గా అడిగారా? నా అనుభవంలో రెండు కారణాలుంటాయి. ఒకటి షుగర్ పడిపోతుందన్న భయం. ఇది చాలామందికి తెలియదు, కాలికి ఇన్‌ఫెక్షన్ ఉన్నన్నాళ్లూ షుగర్ విపరీతంగా పెరుగుతుంది, ఇన్సులిన్ డోసు పెంచుకుంటూ పోతారు. ఆ కుళ్లిన భాగం తీసేశాక ఒంటికి అంత ఇన్సులిన్ అవసరం ఉండదు. పైగా ఆకలి ఉండదు, రెండు ముద్దలు తిని చాలంటారు. పాత డోసే వేస్తూపోతే తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు, వణుకు, అర్థంలేని మాటలు. మావారికి ఒకరోజు షుగర్ 52 చూపించింది. 70 కంటే తగ్గితే, మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే, మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి ఇచ్చి పావుగంటకి మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఒక్కసారి అలా జరిగిందంటే ఆ ఇంట్లో ఆడమనిషి ఇక రాత్రి మూడింటికి అలారం పెట్టుకుని లేచి ఆయన నుదురు తడిమి చూస్తూనే ఉంటుంది. దీనికి మందు ధైర్యం చెప్పడం కాదు. వారం రోజుల రీడింగులు రాసుకుని డాక్టరు దగ్గరికెళ్లి డోసు మార్పించండి. డోసు సరిపడితే అలారం అక్కర్లేదు.

రెండోది లేని కాలి నొప్పి. "బొటనవేలు మెలిపెడుతోంది", "పాదంలో మంటలు" అంటారు, చూస్తే అక్కడ పాదమే లేదు. కాలు తీసేసినవాళ్లలో ఎక్కువమందికి ఎంతోకొంత ఉంటుంది, రాత్రిపూట ఎక్కువ. పిచ్చి కాదు, నటనా కాదు. అమ్మ ఏం చేస్తూ ఉంటుందో నేను చెప్పనా? కూర్చుని రెండో కాలు పిసుకుతూ ఉంటుంది, గంటలు గంటలు. నేనూ పిసికాను. దానికి ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ లాంటి మందులున్నాయి, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసి డాక్టరు డోసు రాస్తారు. మొదట్లో మగతగా ఉంటుంది, పడిపోకుండా చూసుకోవాలి. అద్దం పద్ధతి అని ఒకటుంది, 1990లలో మన తమిళనాడులో పుట్టిన వి.ఎస్. రామచంద్రన్ అనే న్యూరో సైంటిస్టు కనిపెట్టింది. రెండు కాళ్ల మధ్య నిలువుటద్దం పెట్టి, ఉన్న కాలిని కదుపుతూ అద్దంలో చూస్తే పోయిన కాలు కదిలినట్టు కనిపిస్తుంది, కొందరికి నొప్పి నెమ్మదిస్తుంది. అందరికీ పనిచేయదు. మావారికి పనిచేయలేదు, అద్దంలో చూసుకుని గడ్డం గీసుకోవడానికి పనికొచ్చింది.

ఇక పరామర్శలు. ఇది రాయాలా వద్దా అనుకున్నాను గానీ, అమ్మకు ఇది పుండు కంటే ఎక్కువ నొప్పి. ఆపరేషన్‌కి సంతకం పెట్టింది ఎవరు? అమ్మే అయి ఉంటుంది. వచ్చిన ప్రతి చుట్టం రెండు అరటిపళ్లు పెట్టి, "అయ్యో, ఆ పసరు కట్టు కట్టించాల్సింది, కాలు దక్కేది", "పుత్తూరు తీసుకెళ్లాల్సింది", "నువ్వే గదా వదినా స్వీట్లు పెట్టింది" అని పోతారు. పుత్తూరు కట్టు ఎముక విరిగినవాళ్లకి తల్లీ, రక్తం అందక నల్లబడిన కాలికి కాదు, కానీ ఆ నిమిషంలో ఎవరితో వాదిస్తాం. వాళ్లు వెళ్లిపోయాక అమ్మ ఆ సంతకం గురించే ఆలోచిస్తూ ఉంటుంది. వార్డులో ఒకామె నాతో అంది, "సంతకం పెట్టిన చెయ్యి నరికేసుకోవాలనిపిస్తుంది సిస్టర్" అని. కాబట్టి మీరు ఊరెళ్లినప్పుడు, నాన్నగారి ఎదుటే, గట్టిగా, ఒక మాట అనండి: ఆ రోజు అమ్మ సంతకం పెట్టకపోతే విషం ఒంటికంతా పాకి నాన్న ఉండేవారు కాదు అని. డాక్టరు చేత కూడా ఆ మాట చెప్పించగలిగితే ఇంకా మంచిది. చుట్టాలకు సాయంత్రం ఐదు నుంచి ఆరు అని టైము పెట్టేయండి. చెడ్డపేరు మీరు మోయండి, ఆవిడ మీదికి రానివ్వకండి.

అమ్మ ఒంటి సంగతి. చంకల కింద చేతులు పెట్టి ఆయన్ని లేపుతోందా? వెంటనే ఆపించండి. ఆవిడ నడుమూ పోతుంది, ఆయన భుజమూ పోతుంది. మంచం ఎత్తు ఆయన మోకాలి దాకా ఉండాలి, తక్కువైతే కాళ్ల కింద కదలని చెక్కదిమ్మలు పెట్టించండి. కుర్చీ ఎప్పుడూ ఉన్న కాలివైపు వేయాలి, ఆ కాలి మీద బలం పెట్టి ఆయనే తిరిగి కూర్చుంటారు, అమ్మ పని నడుముకి కట్టిన బెల్టో మడతపెట్టిన తువ్వాలో పట్టుకుని తూలకుండా చూడటం, అంతే. బాత్రూంలో ప్లాస్టిక్ కుర్చీ వద్దు, తడి నేల మీద దాని కాళ్లు బార్లా చాపుకుంటాయి, ఇద్దరూ కలిసి పడతారు. గోడకి స్టీలు రాడ్లు రెండు వేయించండి. తమ్ముడు డబ్బు పంపుతున్నాడన్నారుగా, ముందు దీనికి పెట్టించండి.

అన్నట్టు తమ్ముడు రోజూ వీడియో కాల్ చేసి ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో అమ్మకు చెప్తున్నాడని రాశారు. నెట్‌లో చూసి చెప్పేవి ఆపమనండి, ప్రేమే గానీ ఆవిడకది ఇంకో పరీక్ష. బదులుగా వారానికి రెండుసార్లు నాన్నగారితోనే గంటసేపు మాట్లాడమనండి, ఆ గంటలో అమ్మ ఇంట్లో ఉండకూడదు అని షరతు పెట్టండి. గుడికో, పక్కింటికో, ఊరికే రోడ్డు మీదకో. దూరంగా ఉన్నవాళ్లు కూడా పంచుకోగలిగిన పని ఇది.

మీరు రాసినదాన్ని బట్టి ఆవిడ బాగా తగ్గిపోయింది. దాన్ని దిగులు అనుకుని వదిలేయకండి. ముప్పై ఏళ్లు ఒకే వంట, ఒకే టీ, ఒకే ఇల్లు, ఆవిడకూ షుగర్ ఉండొచ్చు. ఉన్నట్టుండి చిక్కిపోవడం దానికీ గుర్తే, థైరాయిడ్‌కీ గుర్తే. నాకు బీపీ 180/110 ఉన్న సంగతి మావారి బీపీ చూడటానికి తెచ్చిన మిషను పనిచేస్తోందా లేదా అని నా చేతికి కట్టుకుంటే తెలిసింది. మిషను పాడైందనుకుని తిరిగి ఇచ్చేశాను కూడా, షాపులో కుర్రాడు తన చేతికి కట్టుకుని చూపిస్తే మామూలుగా ఉంది!

ఇంకోటి, జాగ్రత్తగా వినండి. నాన్నగారు గానీ అమ్మ గానీ "ఈ బతుకు ఎందుకు", "పోతే బాగుండు" అని పదేపదే అంటుంటే మాటవరసకు అన్నారులే అనుకోవద్దు. ఇంట్లో ఇన్సులిన్ ఉంది, కాబట్టి అది వాళ్లకు అందుబాటులో లేకుండా, వేసే డోసు వరకు ఇంకొకరు తీసిచ్చేలా చూడండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీరు కూడా చేయొచ్చు. చేతిలో మందూ మాకూ పట్టుకుని అంటే మాత్రం నంబర్లు వెతకొద్దు, ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రెండో పాదం గురించి అడగలేదు గానీ అమ్మకు రెండోసారి ఈ గతి పట్టకూడదంటే ఇదే ముఖ్యం. షుగర్ వాళ్లకు కాళ్లు తీసేయాల్సి వచ్చినవాటిలో 85 శాతం దాకా పాదం మీద చిన్న పుండుతోనే మొదలైనవి. ఒంటికాలి మీద గెంతుతూ బాత్రూంకి వెళ్తున్నారేమో చూడండి, బరువంతా ఆ పాదం మీదే పడుతుంది. వాకర్ వాడాలి, ఇంట్లో కూడా ఎంసీఆర్ చెప్పు (షుగర్ ఉన్నవాళ్ల పాదాలకు మెత్తటి రబ్బరుతో చేసేది) వేసుకోవాలి. రోజూ రాత్రి చేతి అద్దంలో అరికాలు చూసుకునే పని ఆయనదే. అమ్మ వారానికొకసారి చూస్తే చాలు.

జైపూర్ కాలికి తొందరపడకండి. పుండు పూర్తిగా మాని, వాపు దిగి, స్టంపు ఒక ఆకారానికి రావాలి, అది నెలల పని. 1968లో జైపూర్‌లో తయారైన ఈ కాలిని 1975 నుంచి భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితి ఉచితంగా ఇస్తోంది, జిల్లాల్లో క్యాంపులూ పెడుతుంటారు. మొదటి కాలు కొన్ని నెలలకే వదులవుతుంది, కంగారుపడకుండా మళ్లీ వెళ్లి సరిచేయించుకోవాలి. ఈలోగా సదరం, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ పరీక్షకు స్లాటు బుక్ చేయించండి, సచివాలయంలో చేస్తారు. 40 శాతమో అంతకంటే ఎక్కువో ఉంటే ఆంధ్రాలో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000, మిగతా అర్హతలు అక్కడే చెప్తారు. ఆ పింఛను ఆయన పేరున వస్తుంది. చూసుకునే మనిషికంటూ మన దగ్గర ఏమీ లేదు, కేరళలో మంచానపడ్డవాళ్లను చూసుకునేవాళ్లకి ఆశ్వాసకిరణం అని ఒక చిన్న పథకం ఉంది, చిన్నదే అయినా ఆ మనిషి ఉన్నట్టు ప్రభుత్వం గుర్తించింది కదా అనిపిస్తుంది నాకు.

ఈ శనివారం వెళ్తున్నానన్నారు. వెళ్లగానే నాన్నగారి పుండు చూడకండి, ముందు అమ్మను ల్యాబ్‌కి తీసుకెళ్లండి. స్టూలు, బాటిల్, టార్చి ఆ సాయంత్రం సర్దేయొచ్చు, రాత్రి మీరు ఆ గదిలో పడుకుని అమ్మను ఇంకో గదిలో తలుపేసి పడుకోబెట్టండి. ఆదివారం ఆవిణ్ణి మీ పిన్నిగారింటికో ఎక్కడికో సాయంత్రం దాకా పంపించండి. వెళ్లనంటుంది. బలవంతంగా ఆటో ఎక్కిస్తే దారిలోనే ఫోన్ చేస్తుంది, ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపులో ఉందని. చేరాక చేస్తుంది, పన్నెండున్నరకి అన్నం పెట్టారా అని. ఒంటిగంటకి మళ్లీ. మూడోసారి ఫోన్ మీరు ఎత్తకండి, నాన్నగారి చేతికివ్వండి.